రావి చెట్టు రాత్రి ఆక్సిజన్ ఇస్తుందా? జవాబు 1779లోనే దొరికింది

రావి చెట్టు 24 గంటలూ ఆక్సిజన్ వదులుతుందనే మెసేజ్ వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతోంది. మరోపక్క, రాత్రిపూట చెట్టు కింద పడుకోవద్దని పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. వెలుతురు లేనప్పుడు చెట్టు ఏం చేస్తుందో తెలిస్తే తప్ప ఈ ముడి వీడదు.

1771 ఆగస్టులో ఇంగ్లండ్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి వెలిగి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా రెమ్మ పెట్టాడు. పది రోజుల తర్వాత అదే గాలిలో ఇంకో కొవ్వొత్తి చక్కగా వెలిగింది. అలా బాగుపడిన గాలిలో ఎలుకా బతికింది. చెడిన గాలిని మొక్క బాగుచేస్తోందని అప్పుడే తెలిసింది. అయితే ఇదే ప్రయోగం మళ్లీ చేస్తే ఒకసారి ఫలితం వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. కారణం ఆయనకు అంతుచిక్కలేదు.

ఆ కారణం పట్టుకున్నది డచ్ వైద్యుడు యాన్ ఇంజెన్‌హౌజ్. ఆస్ట్రియా రాజకుటుంబానికి మశూచి టీకాలు వేసి పేరు తెచ్చుకున్న మనిషి. 1779 వేసవిలో లండన్ దగ్గర ఒక ఇంట్లో ఉండి ఐదు వందలకు పైగా ప్రయోగాలు చేశాడు. ఆకుల్ని నీళ్లలో ముంచి ఎండలో పెడితే ఆక్సిజన్ బుడగలు వచ్చాయి. చీకట్లో పెడితే ఆగిపోయాయి. వేడి వల్ల కాదు, వెలుతురు వల్లే ఈ పని జరుగుతోందని, అదీ మొక్కలోని పచ్చటి భాగాలే చేస్తున్నాయని తేల్చాడు. రాత్రిళ్లు మొక్కలు కూడా మనలాగే గాలిని చెడగొడతాయని కూడా రాశాడు. మన స్కూళ్లలో బీకరులో హైడ్రిల్లా వేసి, గరాటు బోర్లించి, పైన టెస్ట్ ట్యూబ్ నిలబెట్టి చూపించేది దాదాపు ఆ ప్రయోగమే. బీకరును కిటికీ నుంచి నీడలోకి జరిపితే, బుడగలు తగ్గిపోవడం కళ్లారా చూడొచ్చు.

వెలుతురు ఎందుకు తప్పనిసరో తేలడానికి మరో 160 ఏళ్లు పట్టింది. 1941లో కాలిఫోర్నియాలో రూబెన్, కామెన్ బృందం గుర్తుపట్టడానికి వీలుగా మామూలు దానికంటే బరువైన రకం ఆక్సిజన్ ఉన్న నీటిని వాడి చూస్తే, మొక్క వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోది కాదు, నీటిలోదని తెలిసింది. నీటి అణువును విడగొట్టే శక్తి వెలుతురు నుంచే రావాలి. కాబట్టి రావి అయినా, వేప అయినా, తులసి అయినా రాత్రి ఆక్సిజన్ వదలవు. కలబంద, బ్రహ్మజెముడు లాంటివి నీటిని కాపాడుకోవడానికి రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ పీల్చి దాచుకుంటాయి. ఈ సంగతే నోళ్లలో పడి ‘రాత్రి ఆక్సిజన్’ అయి ఉంటుందని నా అనుమానం. వాటి ఆక్సిజన్ కూడా పగలే వస్తుంది. ఇక చెట్టు కింద పడుకుంటే ఊపిరాడదన్నదీ నిజం కాదు. ఆరుబయట గాలి ఆడుతూనే ఉంటుంది, జాగ్రత్త పడాల్సింది పురుగూ పుట్రా గురించి.

2019లో అమెజాన్ అడవి తగలబడినప్పుడు, ప్రపంచ ఆక్సిజన్‌లో 20 శాతం అక్కడి నుంచే వస్తోందని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ సహా చాలామంది అన్నారు. ఆ అడవిని కాపాడాల్సిందే, నాకు రెండో మాట లేదు. కానీ లెక్క తప్పు. అడవి తాను చేసిన ఆక్సిజన్‌ను దాదాపు తానే ఖర్చు పెట్టేస్తుంది. చెట్ల శ్వాసకు కొంత, రాలిన ఆకులు కుళ్లడానికి మిగతాది పోతుంది.

మరి గాలిలో ఉన్న 21 శాతం ఎక్కడిది? అది కోట్ల ఏళ్ల పొదుపు. సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం సముద్రాల్లోని సయనోబ్యాక్టీరియా (మొక్కల్లాగే వెలుతురుతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులు) వదిలిన ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలైంది. చచ్చిన జీవుల్లో కొద్ది భాగం కుళ్లకుండా అడుగున బురదలో పూడిపోయింది, దాన్ని కుళ్లబెట్టడానికి కావాల్సిన ఆక్సిజన్ అలా మిగిలిపోయింది. ఆ కాలం తర్వాతి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాళ్లు, స్ట్రొమటోలైట్లు, కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు డోలమైట్ అనే సున్నపురాయి లాంటి రాతిలో ఉన్నాయి. వాటి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. ఇవాళ్టికీ భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోనే జరుగుతోంది.

ఆ నిల్వ ఇంత పెద్దది కాబట్టి, రేపే ఆకులన్నీ పని ఆపేసినా ఊపిరికి చాలాకాలం లోటు రాదు. తిండికి మాత్రం ఏడాది తిరగకుండానే కరువొస్తుంది. బియ్యం, పప్పు, పాలు, చేప, అన్నీ ఈ మధ్య పడిన ఎండలోంచి వచ్చినవే. అడవిని నరికితే ముందు తగిలే దెబ్బ కూడా ఆక్సిజన్ మీద కాదు. చెట్లు పట్టి ఉంచిన కార్బన్ గాలిలోకి పోతుంది, అవి గాలిలోకి పంపే తేమ తగ్గి వానలు దెబ్బతింటాయి.