దేశం కరోనాను ఎలా లెక్కపెట్టింది: రోజువారీ బులెటిన్ వెనక ఉన్న చరిత్ర

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం 2021 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ నివేదికను బయటపెట్టింది. చాలా ఆలస్యంగా వచ్చిన ఆ నివేదిక ప్రకారం 2021లో దేశంలో నమోదైన మరణాలు 1.02 కోట్లు. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 81 లక్షలు. ఒక్క ఏడాదిలో ఇరవై లక్షలకు పైగా పెరిగాయి. మరి అదే 2021లో రోజూ టీవీ కింద స్క్రోలింగ్‌లో చూసిన కరోనా మరణాలన్నీ కూడితే మూడు లక్షల ముప్పై వేల దగ్గర ఆగుతాయి. పెరిగిన మరణాలన్నీ కరోనా ఖాతాలోవే అనడానికి లేదు. మరణాన్ని రిజిస్టర్ చేయించే అలవాటు ఏటా పెరుగుతోంది. లాక్‌డౌన్‌లో ఆగిన నమోదులు కొన్ని తర్వాతి ఏడాదిలోకి జరిగి ఉండొచ్చు. అవన్నీ మినహాయించినా మిగిలేది చిన్న తేడా కాదు. లెక్కపెట్టే ఏర్పాటు మనకు ఎప్పుడు, ఎందుకు, ఎంతవరకు వచ్చిందో చూస్తే ఈ తేడా అంత ఆశ్చర్యంగా అనిపించదు.

2020 మార్చిలో రాష్ట్రాలు మొట్టమొదట బయటికి తీసిన ఆయుధం 1897 నాటి అంటువ్యాధుల చట్టం. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు ఆంగ్లేయులు హడావుడిగా తెచ్చిన చట్టం అది. మొత్తం నాలుగే సెక్షన్లు. జనాన్ని ఆపవచ్చు, ప్రయాణికులను తనిఖీ చేయవచ్చు, విడిగా ఉంచవచ్చు, మాట విననివాళ్లను శిక్షించవచ్చు. ఎవరికి జబ్బు వచ్చిందో ఎలా తెలుసుకోవాలి, ఎవరు ఎవరికి చెప్పాలి అన్న సంగతి అందులో లేదు. పోలీసుకు ఉపయోగపడే చట్టమే తప్ప డాక్టరుకు పెద్దగా పనికొచ్చేది కాదు.

లెక్కల వైపు దృష్టి మళ్లడానికి ఇంకో ప్లేగు రావాల్సి వచ్చింది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు అన్న వార్త పొక్కగానే లక్షల మంది ఊరు వదిలిపోయారు. చనిపోయినవాళ్లు యాభై చిల్లర. కానీ కొన్ని దేశాలు మన విమానాలను ఆపేశాయి, ఎగుమతులు దెబ్బతిన్నాయి. జబ్బు కంటే దాని గురించి సరైన సమాచారం లేకపోవడం వల్లే ఎక్కువ నష్టం జరిగిందని ఢిల్లీకి అర్థమైంది. 1997లో ఒక జాతీయ నిఘా కార్యక్రమం, 2004లో ప్రపంచ బ్యాంకు సాయంతో సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం, అంటే ఐడీఎస్‌పీ, మొదలయ్యాయి. ఐడీఎస్‌పీ మొదటి విడత రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఐడీఎస్‌పీ నడిచే తీరు తెలియకపోతే 2020 అర్థం కాదు. సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం, అంటే ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్త, తన పరిధిలో జ్వరాలు, దగ్గులు, విరేచనాలు ఎన్నో ‘ఎస్’ ఫారంలో రాసేది. డాక్టరు లక్షణాలను బట్టి ఫలానా జబ్బు అనుకుంటే ‘పి’ ఫారం. ల్యాబ్ తేల్చితే ‘ఎల్’ ఫారం. సోమవారం నుంచి ఆదివారం వరకు ఒక వారం. ఆ కాగితాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లాకు, రాష్ట్రానికి, ఢిల్లీకి వెళ్లాల్సి ఉండేది. డెంగీకీ కలరాకీ ఈ వేగం ఎలాగోలా సరిపోయింది. ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలావరకు ఈ ఫారాల ఊసే ఉండేది కాదు. మన జనంలో సగానికి పైగా జ్వరమొస్తే మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికో, ప్రైవేటు క్లినిక్‌కో కాబట్టి, మొదటి కంతే చాలా పెద్దది.

వారానికోసారి కదిలే ఈ యంత్రం మీద 2020లో రోజువారీ భారం పడింది.

జనవరి 30న కేరళలోని త్రిస్సూర్‌లో వూహాన్ నుంచి వచ్చిన వైద్య విద్యార్థినికి పాజిటివ్ తేలింది. అప్పట్లో శాంపిల్ పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాల్సిందే. మార్చి 2న తెలంగాణలో తొలి కేసు: దుబాయ్ వెళ్లొచ్చి, బెంగళూరు మీదుగా హైదరాబాద్ చేరిన ఒక ఐటీ ఉద్యోగి. మార్చి 12న ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు: ఇటలీ నుంచి నెల్లూరు వచ్చిన ఒక విద్యార్థి. ఆ రోజుల్లో బులెటిన్ చూస్తే జబ్బు విమానాశ్రయాల దగ్గరే ఉన్నట్టు కనిపించేది. కారణం సులువు. విదేశాల నుంచి వచ్చినవాళ్లకు, వాళ్లను కలిసినవాళ్లకు మాత్రమే పరీక్ష చేసేవారు. ప్రయాణ చరిత్ర లేకుండా న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరినవాళ్లకూ పరీక్ష చేయాలని భారతీయ వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, నిబంధన మార్చింది మార్చి మూడో వారంలో. ఆలోగా ‘సామాజిక వ్యాప్తి లేదు’ అని రోజూ చెప్పడం సాధ్యమైంది. వెతకని చోట ఏదీ దొరకదు కదా.

లాక్‌డౌన్ మొదలయ్యాక సాయంత్రం నాలుగింటి ప్రెస్‌మీట్ దేశానికి కొత్త అలవాటైంది. ఆరోగ్యశాఖ సంయుక్త కార్యదర్శి లవ్ అగర్వాల్ అంకెలు చదివేవారు. ఆయన ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి అని ఇక్కడివాళ్లు చాలామంది అప్పుడే గమనించారు. పక్కన ఐసీఎంఆర్ తరఫున డాక్టర్ రమణ్ గంగాఖేడ్కర్ ఉండేవారు. అదే వేదిక మీద కొన్నాళ్లు ఢిల్లీ మర్కజ్‌కు, అంటే తబ్లిగీ జమాత్ అనే ముస్లిం సంస్థ కేంద్రానికి, సంబంధించిన కేసులను విడిగా చదివారు. క్లస్టర్‌ను గుర్తించడం నిఘాలో తప్పనిసరి పనే. తెలంగాణలో కరీంనగర్ యంత్రాంగం మార్చిలోనే ఇండోనేషియా నుంచి వచ్చిన మత ప్రచారకుల బృందం తిరిగిన వీధులను మూసి, ఇంటింటికీ వైద్య సిబ్బందిని పంపి, ఆ పని బాగా చేసింది. కానీ రోజూ ఒక మతం పేరుతో అంకె చదవడం వల్ల పరీక్షకు ముందుకు రావాల్సినవాళ్లు భయపడ్డారు. ముస్లింల కూరగాయల బండ్లను వీధుల్లోకి రానీయని సంఘటనలు జరిగాయి. ఆ అంకెను అలా చదవకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం.

కేంద్రం లెక్కా, రాష్ట్రాల లెక్కా, ఐసీఎంఆర్ లెక్కా ఒకే రోజు మూడు రకాలుగా ఉండేవి. ఈ గందరగోళంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విద్యార్థులు కొందరు స్వచ్ఛందంగా కలిసి రాష్ట్రాల బులెటిన్లను, మంత్రుల ట్వీట్లను పోగేసి ‘కొవిడ్19ఇండియా’ పేరుతో జిల్లాల వారీ పట్టిక నడిపారు. పత్రికలూ, పరిశోధకులూ దాన్నే వాడారు. 2021 అక్టోబరు 31న వాళ్లు ఆ పని ఆపేసేవరకు, ఇంత పెద్ద దేశంలో జిల్లా స్థాయి లెక్క అందరికీ ఒకే చోట దొరికింది ప్రధానంగా అక్కడే. సర్కారు చేయాల్సిన పనిని జీతం లేనివాళ్లు చేశారు.

మన రెండు రాష్ట్రాల సంగతికి వద్దాం. ఒకే జబ్బును పక్కపక్కనే ఉన్న రెండు ప్రభుత్వాలు ఎంత భిన్నంగా లెక్కపెట్టాయో ఇక్కడ కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

ఆంధ్రప్రదేశ్ మొదటి నుంచి పరీక్షల సంఖ్య మీద పెట్టుబడి పెట్టింది. క్షయ నిర్ధారణకు వాడే ట్రూనాట్ యంత్రాలను కరోనాకు మళ్లించింది. గ్రామ వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలతో పలు విడతలు ఇంటింటి సర్వే చేయించింది. తన బులెటిన్‌లో రాష్ట్రంలోని కేసులు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు, విదేశాల నుంచి వచ్చినవాళ్లు అని మూడు వరుసలు పెట్టింది. చెన్నైలోని కోయంబేడు కూరగాయల మార్కెట్ వల్ల చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో కేసులు పెరిగిన సంగతి జనానికి తెలిసింది ఆ రోజుల్లోనే. ‘ఇవి మా కేసులు కావు’ అని చెప్పుకోవడానికీ ఆ వరుసలు పనికొచ్చాయి లెండి.

తెలంగాణ దారి వేరు. ఐసీఎంఆర్ చెప్పినవాళ్లకే పరీక్షలు అన్నది చాలాకాలం దాని వాదన. మృతదేహాలకు పరీక్షలు ఆపేసింది. చేయాలని 2020 మేలో హైకోర్టు ఆదేశిస్తే, జూన్‌లో సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. జూన్ ఆఖరులో వేల శాంపిళ్లు పేరుకుపోయి హైదరాబాద్‌లో సేకరణే కొన్ని రోజులు ఆపాల్సి వచ్చింది. బులెటిన్‌లో ఏ ఆసుపత్రిలో ఎన్ని పడకలు ఖాళీ, ఏ ప్రాంతంలో ఎన్ని కేసులు అన్న వివరాలు లేవని ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్ర సింగ్ చౌహాన్, జస్టిస్ విజయసేన్ రెడ్డిల ధర్మాసనం పదేపదే మందలించింది. కోర్టు ధిక్కారం కింద చర్య తీసుకోవాల్సి వస్తుందని హెచ్చరించింది. జులైలో ప్రధాన కార్యదర్శినే పిలిపించింది. ఆ తర్వాతే బులెటిన్ పేజీలు పెరిగాయి, పడకల పట్టిక వచ్చింది. ఒక ఆరోగ్య బులెటిన్ ఎలా ఉండాలో న్యాయస్థానం చెప్పాల్సి రావడం విచిత్రమే అయినా, అలా చెప్పడం వల్ల మేలే జరిగింది.

2020 జులై 29న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజులో 10,093 కేసులు వచ్చాయి. ఆ రోజుల్లో తెలంగాణ అంకె రెండు వేల లోపే. ఫేస్‌బుక్‌లో రెండు రాష్ట్రాలవాళ్లూ దీని మీద ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. ఆంధ్రలో ఆ రోజు చేసిన పరీక్షలు 70 వేలకు పైగా, తెలంగాణలో ఇరవై వేల లోపు. పరీక్షలు ఎక్కువ చేశారు కాబట్టి కేసులు ఎక్కువ అని ఇక్కడితో ఆపేసేవాళ్లు చాలామంది. కానీ వందకు ఎన్ని పాజిటివ్ అని చూస్తే ఆంధ్రలో 14, తెలంగాణలో 9 చుట్టూ ఉంది. అంటే ఆంధ్రలో వ్యాప్తి కూడా నిజంగానే ఎక్కువగా ఉందని అనుకోవాలి. అయితే తెలంగాణ అప్పటికే ర్యాపిడ్ యాంటిజెన్ కిట్లను బాగా వాడుతోంది. అవి అరగంటలో ఫలితం చెబుతాయి, కానీ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందిని వదిలేస్తాయి. కాబట్టి 14నీ 9నీ పక్కపక్కన పెట్టడం కూడా పూర్తిగా సరికాదు. ఒక రోజు అంకెను చదవాలంటే ఎన్ని పరీక్షలు, ఏ పరీక్షలు, ఎవరికి అన్న మూడూ తెలియాలి. టీవీ తెర మీద మొదటి అంకె ఒక్కటే ఎర్రగా పెద్దగా ఉండేది.

ఇంకో సంగతి అప్పట్లో పెద్దగా చర్చకు రాలేదు. 2020 మే 8న కేంద్రం డిశ్చార్జ్ విధానం మార్చింది. లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లకు పది రోజులు గడిచి, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే మళ్లీ పరీక్ష అక్కర్లేదు. వైద్యపరంగా అది సబబే. ల్యాబుల మీద భారం తగ్గింది. కానీ ఆ రోజు నుంచి ‘కోలుకున్నవారు’, ‘యాక్టివ్ కేసులు’ అన్న అంకెలు చాలావరకు క్యాలెండర్ లెక్కలైపోయాయి. పది రోజుల కిందటి కొత్త కేసులే ఈ రోజు కోలుకున్నవాళ్లు. ‘రికవరీ రేటులో మనమే ముందు’ అన్న ప్రకటనలను ఈ వెలుగులో చదవాలి. సోమవారం కేసులు తగ్గాయని సంబరపడటం కూడా అలాంటిదే. ఆదివారం శాంపిళ్లు తక్కువ తీస్తారు, అంతే.

బులెటిన్‌కు అందనిది ఎంత ఉందో పక్కదారుల్లో తెలిసింది. ఐసీఎంఆర్ 2020 మే, జూన్‌లలో 21 రాష్ట్రాల్లో 70 జిల్లాల నుంచి రక్తనమూనాలు తీసి, జబ్బు సోకినవాళ్ల రక్తంలో మిగిలే యాంటీబాడీలను వెతికింది. అధికారికంగా ఒక్క కేసు నమోదైతే నిజంగా సోకినవాళ్లు ఎనభైకి పైనే ఉన్నారని తేలింది. మన దగ్గర ఆ సర్వే జరిగిన జిల్లాలు జనగామ, కామారెడ్డి, నల్గొండ, కృష్ణా, నెల్లూరు, విజయనగరం. ఆగస్టులో హైదరాబాద్‌లోని కేంద్ర పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల దగ్గర నమూనాలు తీసి, నగరంలో ఆరు లక్షలకు పైగా జనానికి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు. రాష్ట్రం మొత్తం మీద అధికారిక లెక్క ఇంకా లక్ష దాటలేదు. మురుగుకు పరీక్ష కిట్ కొరత ఉండదు, క్యూలో నిలబడాల్సిన అవసరం లేదు, పరువు పోతుందన్న భయమూ లేదు.

కేసులు తక్కువ చూపినా మెల్లగా సర్దుకోవచ్చు. మరణాల విషయంలో దిద్దుబాటు చాలా బాధాకరంగా జరిగింది. 2020 జూన్‌లో మహారాష్ట్ర పాత మరణాలు 1,328 ఒకేసారి కలిపింది. 2021 జూన్‌లో బిహార్ దాదాపు నాలుగు వేలు కలపడంతో, దేశం మొత్తంలో ఆ ఒక్కరోజు మరణాలు 6,148గా నమోదయ్యాయి. రెండో వేవ్‌లో రోజువారీ కేసులు 2021 మే మొదటి వారంలో 4.14 లక్షలకు చేరినప్పుడు పరీక్ష ఫలితం రావడానికే రోజులు పట్టేది. ఫలితం రాకముందే పోయినవాళ్లు, స్కాన్‌లో కనిపించినా ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ వచ్చినవాళ్లు, ఇంట్లోనే పోయినవాళ్లు ఏ పట్టికలోకీ ఎక్కలేదు.

వాళ్లలో కొందరు తిరిగి లెక్కలోకి వచ్చింది పరిహారం ద్వారా. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఆదేశించడంతో, ఒక్కో మరణానికి 50 వేల రూపాయలు ఇవ్వాలని నిర్ణయమైంది. పాజిటివ్ తేలిన 30 రోజుల్లో జరిగిన మరణాలను కరోనా మరణాలుగానే చూడాలని మార్గదర్శకాలు వచ్చాయి. 2022 జనవరికి తెలంగాణలో అధికారిక మరణాలు నాలుగు వేల లోపు ఉంటే, దరఖాస్తులు దాదాపు 29 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో 14 వేల చిల్లర మరణాలకు 36 వేల దాకా దరఖాస్తులు. అదే ఏడాది మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020, 2021లలో కరోనా వల్ల నేరుగానో పరోక్షంగానో భారత్‌లో 47 లక్షల అదనపు మరణాలు జరిగి ఉంటాయని అంచనా ఇచ్చింది. కేంద్రం ఆ పద్ధతే తప్పని గట్టిగా అభ్యంతరం చెప్పింది.

ఇక వారం వారం ఫారాల సంగతి. 2021 ఏప్రిల్ 5న కేంద్రం ఐడీఎస్‌పీకి కొత్త డిజిటల్ వేదిక, ఐహెచ్‌ఐపీ, ప్రారంభించింది. అంతకు ముందు 18 జబ్బులను చూస్తుంటే ఇది 33 జబ్బులను చూస్తుంది. ఏఎన్‌ఎం ట్యాబ్‌లో నమోదు చేస్తే ఆ రోజే జిల్లాకు కనిపిస్తుంది. ప్రారంభోత్సవం జరిగిన వారంలోనే దేశంలో రోజువారీ కేసులు లక్ష దాటాయి. జబ్బుల నమోదు వేగం పెరిగింది కానీ మరణ కారణాల నమోదు పాత దారిలోనే ఉంది. 2021లో రిజిస్టరైన మరణాల్లో, మనిషి దేనివల్ల పోయాడో డాక్టరు ధ్రువీకరించి రాసినవి 23.4 శాతం.