గ్రీజు రాస్తే సీట్ పోస్ట్ జారిపోతుందా? స్టీలు ఫ్రేములపై అపోహలు - వాస్తవాలు

సీటు కాస్త పైకెత్తమని సైకిల్ తెస్తారు. ఫ్రేముకి బిగించే పట్టీని, అంటే క్లాంప్‌ని పూర్తిగా వదులు చేసినా, సీటు కింది కడ్డీ, అంటే పోస్ట్ కదలదు. చివరిసారి ఎప్పుడు బయటికి తీశారంటే, కొన్నప్పటి నుంచీ తీయలేదంటారు. గ్రీజు రాయలేదా అంటే, "రాస్తే జారిపోతుందట కదండీ!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: గ్రీజు రాస్తే సీటు కిందికి దిగిపోతుంది.

వాస్తవం: దిగదు. పోస్ట్‌ని పట్టి ఉంచేది క్లాంప్ బిగింపు. గ్రీజు రాశాక జారుతోందంటే సైజు తప్పయినా అయ్యుండాలి, క్లాంప్ పాడైనా అయ్యుండాలి. పోస్టులు 0.2 మి.మీ. తేడాతో కూడా వస్తాయి. ఫ్రేములో పోస్ట్ దిగే గొట్టాన్ని ట్యూబు అంటాం. 27.2 మి.మీ. పట్టే ట్యూబులో 27.0 దూరిస్తే పొడిగా ఉన్నా జారుతుంది.

గ్రీజు లేకపోతే జరిగేది చూడండి. స్టీలు ట్యూబు, అందులో అల్యూమినియం పోస్ట్, మధ్యకి చేరిన వాన నీరో చెమటో. అంటే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో కరిగిపోయేది అల్యూమినియం. దాని నుంచి పుట్టే తెల్లటి పొడికి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి. ఆ వెంట్రుకవాసి సందులో చోటెక్కడిది? పోస్ట్ బిగుసుకుపోతుంది. గ్రీజు చేసే పనల్లా ఆ నీటిని లోపలికి రానివ్వకపోవడమే.

ఒకాయన పోస్ట్ ఇలాగే బిగుసుకుపోయిన వాళ్ల నాన్నగారి సైకిల్ తెచ్చారు. ఫ్రేము పారేయాల్సి వస్తుందేమోనని ఆయన గొంతు వణికింది. పోస్ట్ పైభాగం కోసేసి, లోపలి నుంచి హ్యాక్సా బ్లేడుతో నిలువునా గాడి తీశాను. బ్లేడు ట్యూబుకి తగలకూడదని ఊపిరి బిగబట్టి రెండు రోజులు కోశాను. ఫ్రేము దక్కింది. ఒక్క వేలెడు గ్రీజుతో పోయే బాధ అది.

అపోహ: అల్యూమినియానికి తుప్పు పట్టదు. వాస్తవం: ఎర్ర తుప్పు పట్టదు, అంతే. దాని తుప్పు ఆ తెల్లటి పొడే.

అపోహ: వేడి చేస్తే ఊడొస్తుంది. వాస్తవం: అల్యూమినియం స్టీలుకి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రెండూ వేడెక్కితే ఇంకా బిగుస్తుంది, పైగా పెయింటు కాలుతుంది.

అపోహ: వానలో తొక్కకపోతే భయం లేదు. వాస్తవం: ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ని ఒకేచోట నిలిపే స్టాండు మీద తొక్కేవాళ్ల చెమట నేరుగా పోస్ట్ మీదే కారుతుంది. అది ఉప్పునీరు, వాన కన్నా చెడ్డది.

ఆరు నెలలకోసారి, తడిలో తొక్కేవాళ్లు రెండు మూడు నెలలకోసారి, ఎత్తు గుర్తుకి టేపు చుట్టి పోస్ట్ బయటికి తీయండి. దాన్నీ, ట్యూబు లోపలా శుభ్రంగా తుడిచి, రెంటికీ పల్చగా గ్రీజు పూయండి. పోస్ట్ మీద ఉండే కనీస లోతు గీత ట్యూబు లోపలికి పోయేదాకా దించి, క్లాంప్ మీద రాసిన టార్క్ (బిగింపు బలం) మేరకే బిగించండి. కార్బన్ ఫైబర్‌తో చేసిన పోస్ట్‌కి మాత్రం గ్రీజు వద్దు, దానికి కార్బన్ పేస్ట్ వేరే ఉంది.

ఇప్పటికే పట్టేసిందా? కంగారు పడకండి, చాలావరకు ఫ్రేము దక్కుతుంది. సీటు పట్టుకుని బలమంతా పెట్టి మెలితిప్పితేనే పలచటి ట్యూబు దెబ్బతింటుంది. అక్కడితో ఆపి, తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.