గుడ్డు, చిక్కీ, రొయ్య: బడి భోజనంలో అలర్జీ ప్రశ్న ఎలా పుట్టింది

విశాఖపట్నం జాలరిపేటల్లో ఒక పిల్లవాడికి రొయ్య పడదంటే ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉంటుంది. బడిలో ఎవరికి తెలియాలన్నదే తేలని ప్రశ్న. బడి భోజనం ఆకలిని దృష్టిలో పెట్టుకుని పుట్టిన పథకం కావడం దీనికి మూలం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించగా, 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అమల్లో పెట్టింది. 2020లో మెనూ మారి గుడ్లతో పాటు వేరుశనగ చిక్కీ చేరింది. రెండూ మంచి పోషకాహారమే. వాటిని తీసేయమనడం తెలివితక్కువ వాదన. అయితే పిల్లల్లో అలర్జీ తెచ్చే ప్రధాన పదార్థాల్లో రెండూ ఉన్నాయి.

ఈ జబ్బు స్వరూపం తెలిసింది కూడా సముద్రజీవుల వల్లే. 1902లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పోల్ పోర్టియే వాటి విషాన్ని కుక్కలకు ఎక్కించి చూసినప్పుడు, మొదటిసారి తట్టుకున్న జంతువే కొన్ని వారాల తరవాత అతి కొద్ది మోతాదుకు నిమిషాల్లో కుప్పకూలింది. ప్రాణం మీదికి తెచ్చే ఈ తీవ్ర అలర్జీకి వారు పెట్టిన పేరు అనాఫిలాక్సిస్. రిషేకు 1913లో నోబెల్ వచ్చింది. నిన్నటి దాకా దద్దుర్లతో సరిపోయింది కాబట్టి ఇవాళా అంతే అనుకోవడం ఎంత ప్రమాదమో నాడే తేలిపోయింది.

చట్టాలు మాత్రం చాలా ఆలస్యంగా, కెనడాలో ఒక బాలిక ప్రాణం పోయాక వచ్చాయి. 2003లో ఒంటారియోలో సబ్రీనా షానన్ బడిలో అనాఫిలాక్సిస్‌కు గురై మరణించగా, ప్రతి పాఠశాలకూ ముందస్తు ప్రణాళిక, సిబ్బందికి శిక్షణ తప్పనిసరి చేసే చట్టం 2006లో అమలైంది. మన దేశంలో 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు వేరుశనగ, గుడ్డు, పాలు, రొయ్య వంటి వాటిని ప్యాకెట్ మీద ప్రకటించమన్నాయి. చిక్కీ పొట్లానికి ఆ రక్షణ ఉంది కానీ, గరిటెతో వడ్డించే కూరకు లేబులు ఉండదు, పక్కవాడి డబ్బాలోంచి పంచుకున్న ముద్దకు అసలే ఉండదు.

మందు దగ్గర చిక్కు మరీ పెద్దది. పెదవులు వాచి, ఆయాసం మొదలైన పిల్లకు సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్ర వేసి కూర్చోబెడితే ప్రయోజనం లేదు. తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి, కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్కన 20 కిలోల పిల్లకు 0.2 మిల్లీగ్రాములు. విదేశీ బడుల్లో ఉండే, తొడకు నొక్కితే మందు ఎక్కే అడ్రినలిన్ పెన్ను ఇక్కడి మందుల షాపుల్లో సులువుగా దొరకదు కనుక, 108కు ఫోన్ చేసి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) లాంటి చోటికి వెంటనే తరలించడమే చాలా బడులకు ఉన్న దారి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వెళ్లి పిల్లలను పరీక్షిస్తున్నాయి. అవి చూసే జబ్బుల్లో ఆస్తమా తరహా ఊపిరితిత్తుల సమస్య ఉంది, తిండి అలర్జీ లేదు. ఆస్తమా ఉన్న పిల్లల్లోనే ఈ అలర్జీ తీవ్రంగా మారే ముప్పు ఎక్కువ కనుక, ఏ తిండి పడదని అదే పరీక్షలో తల్లిని అడిగి, జవాబును వంట చేసేవారికీ, తరగతి టీచరుకూ చేర్చడానికి కొత్త పథకం అక్కరలేదు.