కంప్యూటర్‌లో మెదడు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కంప్యూటర్ ఎంత పెద్దదైతే మెదడుకి అంత దగ్గరవుతాం.

2013లో జపాన్‌లోని కె సూపర్‌కంప్యూటర్ మీద 173 కోట్ల నాడీకణాల నెట్‌వర్క్‌ని అనుకరించి నడిపారు. అందులో ఒక్క సెకను గడవడానికి 40 నిమిషాలు పట్టింది. మనిషి మెదడులో ఉన్నవి దాదాపు 8,600 కోట్లు. అయితే వేగం కన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది: ఏ కణం దేనితో కలవాలన్నది అక్కడ యాదృచ్ఛికంగా పెట్టుకున్నదే, ఏ మెదడులోంచీ తీసింది కాదు. సాఫ్ట్‌వేర్ సత్తాకి అది గొప్ప పరీక్ష. మెదడులో ఇంత శాతం తయారైపోయిందని రాయడం మాత్రం జనాన్ని తప్పుదోవ పట్టించడమే.

అపోహ: కనెక్షన్ల పటం దొరికితే చాలు.

సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగుకి ఉన్నవి 302 నాడీకణాలే. వాటి పటం 1986లోనే వచ్చింది. అయినా ఆ పురుగు చేసే పనులన్నీ చేసి చూపించే కంప్యూటర్ మోడల్ ఇప్పటికీ లేదు. ఏది దేనితో కలిసిందో పటం చెబుతుంది. ఆ కలయిక బలమెంతో, డోపమైన్ లాంటి రసాయనాలు దాన్ని ఎప్పుడెలా మారుస్తాయో చెప్పదు.

నాడీకణాల మోడళ్లు కట్టే మా చెమటంతా ఇక్కడే. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నాడీతంతువు మీద ప్రయోగాలు చేసి రాసిన సమీకరణాలే ఇవాళ్టికీ పునాది. కణం పొరలో సోడియంని లోపలికి వదిలే దారులు, అంటే సోడియం చానెళ్లు, ముందు తెరుచుకుంటాయి, స్పైక్ (క్షణకాలపు విద్యుత్ సంకేతం) లేస్తుంది. అవి మూతపడుతుండగా పొటాషియం చానెళ్లు తెరుచుకుంటాయి, స్పైక్ పడుతుంది. ఏ చానెల్ ఎంతుందో నేరుగా కొలవడం చాలాసార్లు కుదరదు. అందుకే నిజం కణం నుంచి తీసిన విద్యుత్ రికార్డింగ్‌తో కలిసేదాకా విలువల్ని మారుస్తూ పోతాం. కానీ 2004లో ప్రింజ్, బుకర్, మార్డర్ పీతజాతి జీవుల పొట్టని ఆడించే చిన్న నాడీవలయానికి 2 కోట్లకు పైగా మోడళ్లు నడిపి చూస్తే, బొత్తిగా పొంతన లేని విలువలు కూడా ఒకే లయని ఇచ్చాయి. కాబట్టి గ్రాఫులు కలిసినంత మాత్రాన మోడల్ సరైనదని నేను ఒప్పుకోను. ఫలానా చానెల్‌ని మందుతో మూసేస్తే ఏమవుతుందో అది ముందే చెప్పాలి, తర్వాత ప్రయోగంలో అదే జరగాలి.

అపోహ: చాట్‌బాట్ల వెనకున్న నెట్‌వర్కులూ మెదడు మోడళ్లే.

కావు. అక్కడ జరిగేది ప్రధానంగా అంకెల గుణకారాలు, కూడికలు. చానెళ్లూ స్పైకులూ ఉండవు.

అపోహ: మెదడు మోడళ్లవల్ల రోగికి ఒరిగేదేం లేదు.

మందులకి లొంగని మూర్ఛ ఉన్నవాళ్ల ఎమ్మారై స్కాన్ల నుంచి ఎవరి మెదడుకి వాళ్ల మోడల్ కట్టి, ఫిట్స్ ఎక్కడ మొదలై ఎటు పాకుతున్నాయో ఫ్రాన్స్‌లోని మార్సేయ్ బృందం అంచనా కడుతోంది. సర్జన్ ఏ భాగం తీయాలో తేల్చుకోవడానికి అది అదనపు ఆధారమవుతుందా అని పరీక్షించడానికి 2019లో క్లినికల్ ట్రయల్ మొదలుపెట్టారు. ఈ మోడల్‌లో విడివిడి కణాలు ఉండవు. మెదడుని ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కోదానికి కొద్దిపాటి సమీకరణాలు రాస్తారు. ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో వెతకడానికి ఆ వివరం సరిపోతుంది.