మీ అప్ప హోటల్లో ఏం పని చేస్తోందంటే

బరంపురం

చిరంజీవులు పిల్లలందరికీ మామ్మ ఆశీస్సులు.

మొన్న మీరడిగిన ప్రశ్నకు జవాబు ఫోన్‌లో చెబితే తేలేది కాదు. "అప్ప చదివేది ఇంటీరియర్ డిజైన్ కదా, హోటల్లో ఏం పని? కర్టెన్లు ఎంచుతుందా?" అన్నారు. "కుషన్లు సర్దుతుంది" అని వెనకనుంచి మీ నాన్న నవ్వడం కూడా నాకు వినపడింది. అప్ప ఊరుకుంది గానీ నాకు ఊరుకోబుద్ధి కాలేదు. రిటైరయ్యేదాకా నేను ఇక్కడ ఒడిశాలోనే, గోపాలపురం సముద్రం ఒడ్డున ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుగా చేశాను. ఎవరో గీసిన గదుల్ని రోజూ ఊడ్పించి, తుడిపించి, సాయంత్రానికి మళ్లీ కొత్తవాటిలా నిలబెట్టడమే మా పని. అందుచేత గదులు గీసేవాళ్ల మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. కొన్ని ఈ ఉత్తరంలో దొర్లుతాయి, ఓపిగ్గా చదవండి.

అప్పది నాలుగేళ్ల కోర్సు. చివర్లో కొన్ని నెలలు బయట ఎక్కడైనా ఆఫీసులో పనిచేసి రావాలి, అదే ఇంటర్న్‌షిప్. విశాఖలో ఆమె చేరిన స్టూడియోవాళ్లు గోపాలపురంలో ఒక పాత హోటల్ని మళ్లీ తీర్చిదిద్దే పని ఒప్పుకున్నారు. బరంపురం నుంచి గోపాలపురం పదహారు కిలోమీటర్లే కాబట్టి సైటు పనున్నప్పుడల్లా అమ్మాయి మకాం మా ఇంట్లోనే. అక్కడ హోటళ్లు ఇప్పటివి కావు. ఒకప్పుడు రంగూన్‌కి స్టీమర్లు వెళ్లిన రేవు అది. పామ్ బీచ్ హోటల్ని ఒక ఇటలీ దొర 1914లోనే కట్టాడు.

కాలేజీలో స్టూడియో అంటే ఒక పెద్ద హాలు, పొడుగు బల్లలు, అర్ధరాత్రి దాటాక కూడా సన్‌బోర్డు కోస్తూ మోడళ్లు అతికించే పిల్లలు, తెల్లారితే జ్యూరీ, అంటే మాస్టార్ల ముందు నిలబడి తను గీసింది వివరించడం. అక్కడ గీసిన హోటల్లో పైపు లీకవదు, కరెంటు పోదు, గెస్టు రిసెప్షన్ దగ్గరికొచ్చి అరవడు. జ్యూరీలో సారు "నీ కాన్సెప్ట్ ఏమిటి?" అని అడుగుతారు. సైటులో వడ్రంగి "ప్లై ఎన్ని ఎంఎం అమ్మా?" అని అడుగుతాడు. మొదటివారం ఆ రెండో ప్రశ్నకే అప్పకి టెన్షన్ వచ్చేసింది. ఇప్పుడు వార్డ్‌రోబ్ చట్రానికి పద్ధెనిమిది, వెనక పలకకి ఆరు అని అడక్కుండానే చెబుతోంది.

ఇంటర్న్‌లకి మొదట్లో ఇచ్చేవన్నీ చిల్లర పనులే. లామినేట్ శాంపిళ్లు సర్దడం, షాపులకి ఫోన్ చేసి రేట్లు కనుక్కోవడం, పెద్దవాళ్లు ఎర్రపెన్నుతో దిద్దిన డ్రాయింగులు మళ్లీ గీయడం. వీటిలో నాకు ముచ్చటేసింది కొలతల పని. పాత కట్టడంలో ఏ గోడా తిన్నగా ఉండదు. అందుకని గది వెడల్పుని కింద ఒకసారి, నడుమ ఒకసారి, పైన ఒకసారి కొలుస్తారు. ఆ తరవాత ఐమూలగా, ఈ మూల నుంచి ఆ ఎదుటి మూలకి, రెండు వైపులా టేపు లాగుతారు. ఎదురెదురు గోడలు సమానంగా ఉండి, రెండు ఐమూలలూ ఒకటే వస్తేనే గది మూలలు సరిగ్గా ఉన్నట్టు. తొమ్మిదో తరగతిలో ఉన్నవాడికి ఇది ఎక్కడో విన్నట్టుంటుంది. మీ లెక్కల మాస్టారు బోర్డు మీద గీసిన కర్ణాలు ఇవేరా.

ఇక అసలు సంగతి, మాక్‌అప్ రూమ్. హోటల్లో గదులన్నీ ఒకేసారి మొదలుపెట్టరు. ముందు ఒక్క గదిని మంచం, దీపాలు, కుళాయిలు, కర్టెన్లతో సహా పూర్తిగా తయారుచేస్తారు. ఓనరు, ఆర్కిటెక్టు, కాంట్రాక్టరు అందరూ వచ్చి చూసి సరే అన్నాకే మిగతావి. తప్పుంటే ఇక్కడే పట్టుకోవాలి, లేదంటే అదే తప్పు ప్రతి గదిలోనూ అచ్చవుతుంది.

ఆ గది చూడ్డానికి అప్ప నన్నూ తీసుకెళ్లింది. అందరూ మంచం తలవైపు పలక, అదే హెడ్‌బోర్డు, దాని గుడ్డ రంగు గురించి మాట్లాడుకుంటున్నారు. నేను ఒక దుప్పటి తెప్పించమన్నాను.

గది వెడల్పు పదకొండడుగులు. మంచం ఆరడుగులు. కిటికీ వైపు అడుగున్నర వదిలి, ఇవతల ఒక పెద్ద కుర్చీ కోసం మూడున్నర అడుగులు ఉంచారు. చూడ్డానికి బాగుంది. గెస్టుకీ ఇబ్బంది లేదు, ఇవతల నుంచి దిగుతాడు. పక్క వేసే మనిషి మాత్రం కిటికీ వైపు కూడా వెళ్లాలి. వంగి, పరుపు మూల ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో దుప్పటి మడత అడుగుకి దోపాలి. "నువ్వే వెయ్యి" అన్నాను అప్పతో. వేసింది. వంగగానే నడుము గోడకి తగిలింది. పక్కకి తిరిగి ఎత్తబోతే మోచెయ్యి లాంప్ షేడ్‌కి తగిలింది. మూడోసారికి పరుపుని పొట్టతో ఆనించి మరీ ఎత్తింది, చెమట పట్టేసింది. ఒక్క మంచానికే ఇలా అయితే, షిఫ్టులో పన్నెండు నుంచి పదహారు గదులు చూసుకునే అమ్మాయి సంగతేమిటి?

అప్ప గొడవ పెట్టలేదు. కాగితం తీసి, మంచం ఒక అడుగు ఇవతలికి జరిపితే రెండు పక్కలా రెండున్నర అడుగులు వస్తాయని గీసి చూపించింది. అప్పుడు కుర్చీకి చోటుండదు. ఓనరుకి ఆ కుర్చీ అంటే ఇష్టం. వార్డ్‌రోబ్ తగ్గిద్దామని ఒకాయన అన్నాడు గానీ, హ్యాంగర్‌కి తగిలించిన చొక్కా నలగకుండా ఉండాలంటే రెండడుగుల లోతు తప్పదు. చివరికి కుర్చీ మంచం కాళ్లవైపు, కిటికీ మూలకి వెళ్లింది. సముద్రం అక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది కూడా. వాళ్ల సీనియరు ఏమీ అనకుండా డ్రాయింగ్ మార్చమన్నారు. అప్ప ఆ రోజు ఇంటికొచ్చి రెండు గిన్నెల పులిహోర తింది.

మంచం కింద ఖాళీ కూడా చూడాలి. చీపురు హాయిగా దూరేంత ఎత్తన్నా ఉండాలి, నేల దాకా మూసేసన్నా ఉండాలి. మధ్యస్తంగా నాలుగంగుళాలు వదిలితే గెస్టులు పోగొట్టుకునేవన్నీ అందులోకే పోతాయి. చెవి దుద్దులు, ఒంటి సాక్సు, సగం వాడిన మాత్రల అట్ట. పడుకుని టార్చి వేసి చూసేది మా పిల్లలే.

బాత్రూమ్ దగ్గర డిజైనర్లకీ నాకూ ఎప్పుడూ పడదు. బకెట్ అంటే వాళ్లకి చిన్నచూపు, ఫొటోలో బాగుండదట. తీసేస్తారు. తారాతారిణి దర్శనం చేసుకుని, సముద్రం చూసి పోదామని వచ్చిన కుటుంబం గదిలో దిగిన పావుగంటకే రిసెప్షన్‌కి ఫోన్ చేస్తుంది, బకెట్టూ మగ్గూ పంపండని. షవరు ఎంత ఖరీదైనదైనా పసిపిల్లకి దాని కింద స్నానం చేయించలేరు. బకెట్ పెట్టుకునే చోటూ, దానికో కుళాయీ ముందే గీస్తే గొడవే లేదు. నేల వాలు ఇంకో తంటా. మీటరుకి ఒక సెంటీమీటరు పైచిలుకు వాలు ఉండాలంటారు. కాగితం మీద ఉంటుంది, టైల్స్ మేస్త్రి చేతిలో ఎటో పోతుంది. అప్ప ఇప్పుడు లెవెల్ పెట్టి చూశాక, బకెట్ నీళ్లు కూడా గుమ్మరించి నిలబడి చూస్తోంది. ఏ మూల నిలుస్తాయో అక్కడ చాక్‌పీస్‌తో గీత గీస్తుంది. ఆ టైల్ ఊడదీయించాల్సిందే.

సముద్రం ఒడ్డు హోటల్‌కి ఇంకొన్ని సొంత బాధలున్నాయి. గెస్టు కాళ్ల నిండా ఇసకతో వస్తాడు. వాకిట్లోనే కాళ్లు కడుక్కునే కుళాయి లేకపోతే ఆ ఇసకంతా బాత్రూమ్ జాలీలోకి పోయి గడ్డకడుతుంది. తడి బట్టలు ఆరేసుకోవడానికి తాడు లేకపోతే మూడువేల రూపాయల కుర్చీ మీద ఆరేస్తాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. నల్లరంగు కుళాయిలు ఇప్పుడు ఫ్యాషన్. మా ఉప్పునీటి చుక్క ఎండితే వాటి మీద తెల్లటి మచ్చ, రోజుకి రెండుసార్లు తుడవాలి.

ఉప్పుగాలి పనితనం మీరు చూడాలి. స్టీలు తుప్పు పట్టదనుకుంటాం. సామాన్యంగా దొరికే 304 రకం ఇక్కడ కొన్నాళ్లకే గోధుమరంగు చుక్కలు వేస్తుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుని బాగా తట్టుకుంటుంది, ధర ఎక్కువ. కాంట్రాక్టరు మొదటిది వేసి రెండోదాని బిల్లు పెట్టొచ్చు. కంటితో చూస్తే రెండూ ఒకటే. అందుకే డ్రాయింగులో రకం రాయాలి, సరుకు దిగినప్పుడు టెస్టు సర్టిఫికెట్ అడగాలి. బాత్రూమ్ పక్కన వార్డ్‌రోబ్‌కి ప్లై కూడా అంతే. ఐఎస్ అంటే ఇండియన్ స్టాండర్డ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది మరిగే నీళ్లకి తట్టుకునే రకం. ఐఎస్ 303లో మామూలు రకం వేస్తే రెండు వానాకాలాలకి ఉబ్బుతుంది. అప్ప ప్రతి షీటునీ తిప్పి ముద్ర చూస్తోందని అక్కడి పనివాళ్లు ఆటపట్టిస్తున్నారు. పట్టించనీ.

తుఫాను సంగతి పెద్దగా చెప్పను, మీకూ తెలుసు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తీరం దాటింది ఈ గోపాలపురం దగ్గరే, గాలి గంటకి రెండువందల కిలోమీటర్లు. ఆ తరవాత మేము గదుల్లోంచి ఎత్తిన గాజుముక్కలు గుర్తుంటే, గోడంత అద్దాల కిటికీ చూడగానే నేను గాజు ఏ రకమని అడుగుతాను. టఫెన్డ్ గాజు పగిలితే చిన్న పలుకులై రాలిపోతుంది, కోసుకోదు, కానీ కిటికీ బోసిపోయి గాలీవానా లోపలికొస్తాయి. రెండు గాజుల మధ్య పొర అతికించిన లామినేటెడ్ రకం పగిలినా చట్రంలోనే నిలుస్తుంది. సముద్రం వైపు అదే వేయాలని నా పట్టు. ఓనరు ఇంకా లెక్కలు చూస్తున్నాడు.

అలంకరణ దగ్గర మాత్రం అప్పకీ నాకూ ఒక రాత్రంతా వాదన జరిగింది. స్టూడియోలో ఎవరో లిఫ్ట్ పక్క గోడ నిండా సవర గిరిజనుల బొమ్మలు వేయిద్దామన్నారట. ఎర్రమట్టి నేపథ్యం, బియ్యప్పిండి తెలుపు, చేతులు పట్టుకున్న మనుషులు, చెట్లు, గుర్రాలు. చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కానీ గజపతి, రాయగడ కొండల్లో సవరలు ఆ ఇడితాల్ బొమ్మని ఇంటి గోడ మీద దేవతలకీ చనిపోయిన పెద్దలకీ వేస్తారు, దాని ముందు పూజ చేస్తారు. దాన్ని ఫొటో చూసి కాపీ కొట్టి, లిఫ్ట్ పక్కన, ఆ మలుపు దాటితే టాయిలెట్ ఉన్న గోడ మీద వేస్తామా? "అందరూ వేస్తున్నారు కదా మామ్మా" అంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, నువ్వు ఒక బస్సెక్కి వెళ్లి ఒక మాట అడగలేవా అన్నాను. వెళ్లింది. పూజ బొమ్మ వద్దు, వేరే బొమ్మలు మేమే వచ్చి వేస్తాం, మా పేరు కింద రాయండి, కూలి ఇంత అని అక్కడివాళ్లు తేల్చి చెప్పారట. ఎస్టిమేటులో ఆ కూలికి ఒక లైను చేరింది. అదీ డిజైన్ పనే.

మన బరంపురం పట్టు అంచుల్లో గుడి గోపురంలా లేచే కుంభం నేత ఉంది కదా, దాన్ని హెడ్‌బోర్డు మీద సన్నటి పట్టీగా కుట్టించారు. బెల్లగుంఠ ఇత్తడి చేపలు, ఆ ఒళ్లు మెలికలు తిరిగేవి, రిసెప్షన్ బల్ల మీదకి వచ్చాయి. లాబీలో మొగలిపువ్వు వాసన పెడదామన్న ఆలోచన కూడా అప్పదే. గంజాం మొగలి అత్తరు మన పక్కనే తీస్తారు, ఎక్కడినుంచో సీసాల్లో లావెండర్ ఎందుకు? ఇది నాకు చాలా నచ్చింది. మోతాదు మాత్రం తగ్గించమన్నాను, తలనొప్పి వస్తుంది.

ఇంకొన్ని విషయాలు క్లుప్తంగా. చక్రాల కుర్చీలో వచ్చేవారి గది తలుపు తొంభై సెంటీమీటర్లు, లోపల కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటరు జాగా ఉండాలి. దుప్పట్లూ తువ్వాళ్లూ దాచే లినెన్ గది తలుపు మా ట్రాలీ కంటే వెడల్పుండాలి. ఇది నవ్వులాటగా ఉందా? మా హోటల్లో ట్రాలీ దూరక, దుప్పట్లు ఏళ్ల తరబడి చేతులమీద మోశాం.

చిన్నవాడు "నేనూ ఇదే చదువుతా" అన్నాడట. మంచిదే. చాలా కాలేజీల్లో ఇంటీరియర్ డిజైన్‌కి ఇంటర్‌లో ఏ గ్రూపైనా పరవాలేదు, బొమ్మలు వేయడం, చుట్టూ పరికించడం చూసే ఎంట్రన్స్ పరీక్షలుంటాయి. ఆర్కిటెక్చర్ కావాలంటే మాత్రం లెక్కలు వదలకూడదు. డబ్బు గురించి మీ నాన్న అడిగాడు కాబట్టి చెబుతున్నా. ఇంటర్న్‌షిప్‌లో కొన్నిచోట్ల స్టైపెండ్ ఇస్తారు, కొన్నిచోట్ల అనుభవమే జీతం అంటారు. పని చేయించుకుని బస్సు చార్జీ కూడా ఇవ్వని ఆఫీసు ఎంత పేరున్నదైనా చేరవద్దు, అప్పకీ ఇదే చెప్పాను. మీ నాన్నకి కూడా ఒక మాట చెప్పండి, కుషన్లు సర్దడం చివరిరోజు పని, దానికి ఇంకా చాలా టైముంది.

అప్ప మీకో పని అప్పగించింది. ఇంట్లో టేపు తీసుకుని వంటగట్టు ఎత్తు కొలవండి. తరవాత అమ్మని తిన్నగా నిలబెట్టి నేల నుంచి మోచెయ్యి దాకా కొలవండి. గట్టు మోచెయ్యి కన్నా నాలుగు నుంచి ఆరంగుళాలు కిందికి ఉండాలట. రెండు అంకెలూ వాట్సాప్‌లో పంపండి. తేడా ఎక్కువుంటే అమ్మకి భుజాలెందుకు నొప్పెడుతున్నాయో అప్ప చెబుతుంది.

ఉంటాను.

మీ మామ్మ