అరోరా ఫొటోలో ఆకుపచ్చ, కంటికి బూడిద రంగు: ఎందుకు?

ధ్రువప్రాంతాల రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు అరోరా. అది చూద్దామని ఎంతో ఖర్చుపెట్టి నార్వేలోని ట్రామ్సోకో, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కో వెళ్లినవాళ్లకు చాలాసార్లు ముందు కనిపించేది పల్చటి తెల్లమబ్బు లాంటి చార. ‘అదే అరోరా’ అని గైడు చెప్పినా నమ్మబుద్ధి కాదు. ఫోన్‌తో ఫొటో తీస్తే మాత్రం అదే చోట ముదురు ఆకుపచ్చ తెర! ఇంత దూరం దీనికోసమా వచ్చాం అనిపిస్తుంది.

ఆ రంగు మాత్రం నిజమే. భూమి అయస్కాంత క్షేత్రం వెంట దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు 100 కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ పరమాణువులను ఢీకొంటాయి. అప్పుడు 557.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఆకుపచ్చ కాంతి వెలువడుతుంది. 200 కిలోమీటర్లు దాటాక ఎక్కువగా వచ్చేది 630 నానోమీటర్ల ఎరుపు.

ఇబ్బందంతా మన కంటితోనే. రంగులు గుర్తుపట్టే శంకు కణాలు కంటికి సుమారు 60 లక్షలు ఉన్నా, వాటికి వెలుతురు బాగా కావాలి. చీకట్లో పని నడిపేవి దండ కణాలు. ఇవి కోట్లలో ఉంటాయి కానీ అన్నీ ఒకే రకం, అందుకే వాటికి రంగుల తేడా తెలియదు. అరోరా బలహీనంగా ఉన్న రాత్రి చూపు వీటిమీదే ఆధారపడుతుంది కాబట్టి మనకు బూడిద రంగే మిగులుతుంది. ఎరుపైతే మరీ కష్టం, 630 నానోమీటర్ల కాంతికి దండ కణాలు దాదాపు స్పందించవు. 2024 మే 10 రాత్రి భారీ సౌర తుఫాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశంలో అలాంటి ఎరుపే కెమెరాలకు చిక్కింది.

కెమెరా ఐదారు సెకన్ల కాంతిని కూడబెట్టి ఒక్క బొమ్మ చేస్తుంది. కన్ను చీకట్లో కూడా సుమారు సెకనులో పదో వంతుకు మించి కూడబెట్టలేదు. టూరిజం ప్రకటనల్లో ప్రతి అరోరా ఫొటో కిందా ఎక్స్‌పోజర్ సమయం, అంటే కెమెరా ఎన్ని సెకన్ల కాంతిని కూడబెట్టిందో రాయాలని నా గట్టి అభిప్రాయం. ఆ ఒక్క అంకె ఉంటే సగం నిరాశ తగ్గుతుంది. పైగా అరోరా ఉధృతంగా ఉన్నప్పుడు మామూలు కంటికే ఆకుపచ్చ తెలుస్తుంది, వెలుగు తెరలు తెరలుగా కదలడమూ కనిపిస్తుంది. ఎక్కువ సెకన్ల ఫొటోలో ఆ కదలిక అలికేసినట్టయిపోతుంది.

వెళ్లేవాళ్లు ఫోన్ జేబులో పెట్టేసి 20 నుంచి 30 నిమిషాలు చీకట్లో ఉండాలి. దండ కణాల్లో కాంతిని పట్టే పదార్థం రోడాప్సిన్ మళ్లీ తయారవడానికి అంత సమయం పడుతుంది. మసకగా ఉన్న చారను సూటిగా కాకుండా కాస్త పక్కకు చూడాలి, ఎందుకంటే చూపు కేంద్రంలో దండ కణాలు ఉండవు. వయసు పెరిగేకొద్దీ చీకట్లో కంటిపాప అంతగా విచ్చుకోదు. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే, మనకు కనిపించినంత వాళ్లకు కనిపించకపోవచ్చని బయల్దేరే ముందే చెప్పండి.