మిద్దె మీద గెలాక్సీ: నేరుగా చూస్తే మాయం

‘ఎనిమిదంగుళాల టెలిస్కోపు పెట్టినా ఎం 33 గెలాక్సీ కనబడలేదు. చార్టులో మాగ్నిట్యూడ్ 5.7 అని ఉందే?’ తిరుపతిలో మిద్దె మీద నుంచి చూసేవాళ్ళకు తప్పకుండా వచ్చే సందేహం ఇది. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. గెలాక్సీ వెలుగంతా ఒక్క చుక్కలో కుప్పపోస్తే వచ్చే అంకె అది. చిటికెడు కుంకుమ చెంబు నీళ్ళలో వేస్తే ఎరుపు తెలుస్తుంది, గంగాళంలో వేస్తే తెలియదు. ఎం 33 పొడవు నిండు చందమామకు రెండింతలు దాటుతుంది, కనక అది గంగాళం. ఎం 104 అనే మరో గెలాక్సీ మొత్తం వెలుగు దాంట్లో ఎనిమిదో వంతే (మాగ్నిట్యూడ్ 8.0), కానీ చెంబులో ఉంది, అందుకే సులువుగా దొరుకుతుంది. పైగా వీధి దీపాల వల్ల ఊళ్ళో గంగాళం నీళ్ళు ముందే కాస్త ఎర్రబారి ఉంటాయి.

మరి పెద్దది చేసి చూస్తే? గెలాక్సీ, దాని వెనకున్న ఆకాశం రెండూ ఒకే లెక్కన పలచబడతాయి. వాటి మధ్య తేడా పెరగదు. అయినా పెద్దది చేయాల్సిందే, ఎందుకంటే మసక మచ్చ కాస్త పెద్దగా ఉంటేనే కన్ను దాన్ని పసిగడుతుంది. 1200 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న టెలిస్కోపుకు 25 మి.మీ. ఐపీస్‌తో, అంటే కన్ను పెట్టి చూసే కటకంతో (48 రెట్లు) వెతికి, 12 మి.మీ.కి (100 రెట్లు) మారాలి.

ఇక చూపు సంగతి. రెటీనా నడిమధ్యలో శంకు కణాలే ఉంటాయి, మసక వెలుగుకు అవి పనికిరావు. మసక వెలుగును పట్టే దండ కణాలు పక్కన ఉంటాయి. కాబట్టి గెలాక్సీని కాక, దాని పక్కన పది పదిహేను డిగ్రీల దూరంలో చూడాలి. 50 డిగ్రీల మేర చూపించే ఐపీస్‌లో అది మధ్యకూ అంచుకూ సగం దూరం. కుడి కంటితోనైతే కుడివైపుకే చూడాలి. ఎడమవైపు చూస్తే గెలాక్సీ సరిగ్గా కంట్లో ఏమీ కనబడని చోట, అంటే అంధ బిందువులో పడి మాయమవుతుంది. ఎడమ కంటికి ఇదంతా తిరగబడుతుంది. అనుమానంగా ఉంటే గొట్టాన్ని వేలితో తట్టండి: నిలకడగా ఉన్నప్పుడు అందని మసక, కదిలితే అందుతుంది.

మసక వెలుగును పట్టే రోడాప్సిన్ అనే పదార్థం కంట్లో పూర్తిగా ఊరడానికి అరగంటకు పైనే చీకట్లో ఉండాలి. ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్ళీ మొదటికే. టార్చికి ఎర్ర జిలేటిన్ కాగితం రెండు మూడు పొరలు చుట్టండి. అమావాస్య రాత్రి బయటికి వెళ్ళొద్దని పెద్దలంటారు గానీ, ఈ పనికి అంతకంటే మంచి రాత్రి లేదు. పగలంతా కాగిన మిద్దె మాత్రం తొలిజామున వేడి కక్కుతూ బొమ్మను వణికిస్తుంది. పెరట్లో మట్టి నేల మేలు.

ఏప్రిల్ మధ్యలో రాత్రి 11 దాటాక ఎం 87 గెలాక్సీ తిరుపతి నడినెత్తికి ఒకటిన్నర డిగ్రీల లోపే వస్తుంది. ఎం 84, ఎం 86 గెలాక్సీలు దాని పక్కనే. ఆకాశం అక్కడే నిర్మలంగా ఉంటుంది, డాబ్సోనియన్ (పక్కలకూ పైకీ కిందికీ తిరిగే చట్రం మీద కూర్చునే టెలిస్కోపు) మొరాయించేదీ అక్కడే: గొట్టం నిట్టనిలువుగా ఉంటే చట్రాన్ని ఎంత తిప్పినా గురి కాస్తంతే జరుగుతుంది. గంటన్నర ముందో తర్వాతో చూడండి. ఉత్తరాన తిరుమల దీపాలున్నాయి, ఎం 81, ఎం 82 గెలాక్సీలు ఆ వైపు 35 డిగ్రీలకు మించి లేవవు, కాబట్టి వాటిమీద ఆశ వద్దు. దక్షిణాన ఎన్‌జీసీ 5128 అనే గెలాక్సీ అర్ధరాత్రి వేళ 33 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. లండన్‌లో అది ఉదయించనే ఉదయించదు. ఊరి వెలుగుకు దూరంగా వెళ్తే, దాని నడుమ అడ్డంగా ఉన్న నల్లటి ధూళి పట్టీ కూడా ఎనిమిదంగుళాల్లో చిక్కుతుంది.